ఎండ కోసం ఆగిన నీళ్లు

డిసెంబర్ 1986, మంగళవారం

మా దవాఖాన మిద్దె మీద ఎండకు నీళ్లు కాగే పలకలు పెట్టిండ్రు. ఇగ కరెంటు దండగని కాన్పుల వార్డుల పాత గీజర్ పీకేసిండ్రు. ఆదివారం సంది మొగులే, ఎండ పొడ లేదు, నీళ్లు మంచు లెక్క ఉన్నయి.

పొద్దున వర్ధన్నపేట బాలింత కొమురమ్మ కోసం వెనకాల రాళ్లపొయ్యి ముట్టించిన. నీళ్లు కాగకముందే సూపరింటెండెంట్ సారు వచ్చి ఆర్పిచ్చిండు.

"రేపు ఈ పలకల ఓపెనింగుకు మంత్రిగారు వస్తాండ్రు సిస్టర్. గోడకు పొగ పడ్తది."

"మరి బాలింతకు నీళ్లెట్ల సార్?"

"జర ఎండ రానియ్యి."

కొమురమ్మ తానం లేకుండనే పండుకుంది. "మా ఇంట్ల కాగునిండ వేన్నీళ్లుంటయి సిస్టరమ్మా" అన్నది. నాకు తలెత్త బుద్ధి కాలే.

రేపు మంత్రికి దండ నేనే వెయ్యాల్నట. దండేసి ఊకుంటనో, ఈ ముచ్చట ఆయనకే చెప్తనో... చెప్తే నన్ను ఏ ఊరికి బదిలీ చేస్తరో.