ఒంటాకు పువ్వు

బేరిగై, 12-8-1979

కాలేజీ సారుకు నమస్కారం.

నిరుడు తొలివానలప్పుడు మా అడవిలో మీకు దొరికిన ఆకులేని పువ్వు ఇక లేదని మొన్న తేల్చేసి వెళ్లారు. నిజానికి మీరు దాని మీదే కూర్చుని ఇడ్లీలు తిన్నారు. పువ్వు వాడిపోయాకే నేలనంటి ఒక్క ఆకు మొలుస్తుంది. మీరు దాచుకున్న పువ్వు కింది గడ్డ, ఈ ఆకు కింది గడ్డ ఒకటే. తెలిసీ, తమాషా చూద్దామని చెప్పలేదు.

అక్కడే మేకలు మేపే మా అక్క కెంచమ్మ ఈ సంగతి విని తిట్టింది: "నీ నవ్వు పాడుగాను! పువ్వు లేదంటే ఆడంతా నరికి నీలగిరి చెట్లు పెడతారంట కదరా. పో, సారుకు జాబు రాయి."

నీలగిరి మొక్కల గుంతలకని అడవిశాఖవాళ్లు నాటిన గుర్తుకట్టెలు రెండుసార్లు పీకేశాను. మూడోసారి దొరికిపోతాను, ఆలోపు రండి.

మీకు అడవిదారి చూపినవాడు