కొయ్యని గుమ్మడికాయ

చంద్రవ్వా, ఈ కార్డు రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను, కానీ నీ స్నేహితురాలు ఈదమ్మ సంగతి నీకు ఇంకెవరు చెబుతారు? మేం క్షేమం. యూనియన్ సైన్యం వచ్చాక రజాకార్ల పీడ పోయింది.

ఈసారి మన దొడ్లో గుమ్మడికాయలు బండి చక్రాలంత కాశాయి. మీ తాత పండించినవి ఇంకా పెద్దవంటారు; పోయినవాళ్ల కాయలను తూచి చూసేదెవరు? పట్నంలో నిండు కాయకు మంచి ధర ఉందని ఊళ్లో ముక్క అమ్మలేదు. అప్పుడొచ్చింది ఈదమ్మ. నిజాం మీద తిరగబడ్డ సంఘం వాళ్లకు అన్నం పెట్టాడని ఆమె మొగుడు దశరథను జైల్లో వేసిన రోజులవి.

"నిండు కాయే తీస్కపో బిడ్డా" అన్నాను.

"కొట్టేటందుకు ఇంట్ల మొగోడు లేడాయె పెద్దబాపు. ఆడదాన్ని నేను మొదటి ఏటు ఏస్తె జైల్ల ఉన్న ఆయనకు కీడంటరు. నువ్వే కొట్టి జర ముక్క అమ్మరాదు!"

కోసిన కాయను పట్నంలో ఎవరు కొంటారని కొట్టలేదు. తర్వాత సైన్యం వచ్చినప్పటి గడబిడకు పట్నం దారులు మూసుకుపోయాయి. కాయలు కుళ్లి, ఒక్కటి మిగిలింది.

చంటివాడి దగ్గు తగ్గిందా? షోలాపూర్ దుప్పటి ఒకటి పంపు, మీ అమ్మకు చలి ఆగడం లేదు. అల్లుడికి, పిల్లలకు నా దీవెనలు.

కార్డు మూల కొంచెం మిగిలింది. దశరథ జైల్లోనే చనిపోయాడు. దినాలయ్యాక నిన్న ఆ కాయ, కత్తి పట్టుకుని ఈదమ్మ ఇంటికి పోయాను. ఆమె నా చేతిలోంచి కత్తి తీసుకుని మొదటి ఏటు తనే వేసింది. ఒక ముక్క మీ అమ్మకు పంపింది.