సూది వేసుకున్నవాడికే ఫ్లూ వచ్చిన సంగతి

వైద్యాధికారి గారి సముఖమునకు, బతు బస్తీ నివాసి, హాడో ఓడరేవు వార్ఫులో క్రేను ఆపరేటరు, తెలుగు క్రైస్తవ సంఘ పెద్ద అయిన యేసురాజు చేసుకొను మనవి.

విషయం: ఫ్లూ సూది వేయించుకున్న నాకు ఫ్లూ వచ్చుట, తత్కారణముగా మా అమ్మ సూది నిరాకరించుట గూర్చి.

అయ్యా,

1. గత నెల మూడో తేదీన తమ శిబిరంలో లవీనా సిస్టరు నా ఎడమ జబ్బకు సూది వేసినది. నేను ఏడవలేదు. సాక్షి నా భార్య ఎలీసబెతు.

2. సూది పనిచేయడానికి రెండు వారాలు పడుతుందని సిస్టరు చెప్పిన మాట వాస్తవమే. అయితే ఆ సమయంలో నేను కళ్లు గట్టిగా మూసుకొని ఉన్నందున సదరు సమాచారం నాకు అందినట్టు పరిగణించరాదు.

3. ఐదో తేదీ ఆదివారం ఆరాధనలో లేచి, ఇక నన్ను ఏ జ్వరమూ ముట్టదని సాక్ష్యం చెప్పితిని. సంఘమంతా హల్లెలూయ అన్నది. ఆ సాయంత్రమే మా సంఘస్థుడు దానయ్యకు ఫ్లూ అని తెలిసి ప్రార్థనకు వెళ్లాం. రోగి తల మీద చేతులుంచి ప్రార్థించడం మా ఆనవాయితీ. తక్కినవారు గుమ్మం దగ్గరే ఆగి, "భయ్యా, సూది ఏసుకున్నోడివి నువ్వే కదా, ముందు నువ్వెల్లు" అన్నారు. వెళ్లాను. నలభై నిమిషాలు ప్రార్థించాను. ఆ వ్యవధిలో దానయ్య నా ముఖం మీద పదకొండుసార్లు తుమ్మాడు. పెద్దను గనుక మధ్యలో ఆమెన్ అనలేకపోయాను.

4. ఎనిమిదో తేదీకి నేను మంచమెక్కితిని. పరీక్ష చేసి ఫ్లూ అన్నారు. అప్పటికి దానయ్య లేచి తిరుగుతున్నాడు. అరటిపళ్లతో వచ్చి, నా తల మీద చేయి పెట్టి, అర నిమిషంలో ఆమెన్ అనేసి వెళ్లాడు.

5. ఇక అసలు సంగతి. మా అమ్మ అసిరమ్మకు డెబ్బై నాలుగేళ్లు. ఆయాసం మనిషి. సూదికి ఒప్పించడానికి నాకు ఆర్నెల్లు పట్టింది. ఇప్పుడేమో, "నా కొడుకునే కాయనేని సూది నాకెందుకురా? ఛోడో" అని ముఖం తిప్పేసుకుంటున్నది. కిందటి వానల్లో ఆమె నాలుగు రోజులు ఆక్సిజన్ మీద ఉంది. సంఘానికి ఇన్ని ప్రార్థనలు చేసేవాణ్ణి, ఆ నాలుగు రోజులూ వార్డు బయట నా నోటికి ఒక్క మాటా రాలేదు. మళ్లీ వానలు వస్తున్నాయి. నాకు చాలా భయంగా ఉంది సార్.

కావున తమరు స్వయముగా మా ఇంటికి దయచేసి, తప్పు సూదిది కాదు, యేసురాజుదని మా అమ్మతో చెప్పవలెను. తెల్లకోటు తప్పనిసరి. కోటు లేనివారి మాట ఆమె వినదు.

నాకు ఇంకా దగ్గు వస్తున్నందున, ఈ కాగితం తమరు కాస్త దూరంగా పట్టుకొని చిత్తగించవలెను.

తమ విధేయుడు, సూది మీద ఇప్పటికీ కోపం లేనివాడు,
యేసురాజు

తా.క. తప్పులుంటాయేమోనని ఎలీసబెతుకు చదివి వినిపించాను. అమ్మ అక్కడే చేపలు కడుగుతోంది. అయిదో నెంబరు దగ్గర చేతులు ఆపేసింది. "ఇంత బయం ఎట్టుకుని, నాకు సెప్పకండా డాక్టరు బాబుకి రాత్తావేట్రా? లెగు, ఆటో బులావ్" అంది. చీర మార్చుకుంటోంది. తమరు రానక్కరలేదు, మేమే వస్తున్నాం. మేం వచ్చేదాకా సిస్టరును మాత్రం భోజనానికి పంపకండి.