డిస్క్ ఐదు, లైను నాలుగు

మే 4, సోమవారం, 2020

లాక్‌డౌన్‌లో సొంతూళ్లకు పంపే లిస్టులో పేర్లు వచ్చాయి. నాదీ లతదీ. గురువారం సాయంత్రం ఐదింటికి రైలు, కాజీపేట దాకా. లతకు ఏడో నెల. ఎనిమిది పడితే ప్రయాణం వద్దని డాక్టరమ్మ ముందే చెప్పింది. సిరిసిల్లలో వాళ్లమ్మ రోజుకు నాలుగుసార్లు ఫోన్... ఇంక ఈ పరాయి ఊళ్లో, ఈ భేస్తాన్ గదిలో ఒక్క వారం కూడా వద్దు.

మే 5

మిల్లు యజమాని సేఠ్ ఫోన్ చేశాడు. మిల్లులో పాత కంప్యూటర్ ఉంది కదా, దాని డిస్క్‌లో ఇరవై ఏళ్ల చీరల డిజైన్లున్నాయి. సగానికి పైగా నేను గీసినవే. నేను ఊరెళ్లేలోపు అవన్నీ ఆయన ఇంటి కంప్యూటర్‌కు చేరాలట. డిస్క్ విప్పి స్కూటర్ మీద తెస్తాను, ఇరవై నిమిషాల పని అన్నాను. వద్దట. మిల్లున్న ఉధ్నా నుంచి ఏ వస్తువూ లోపలికి రానివ్వకూడదని వాళ్ల బిల్డింగ్‌వాళ్లు తీర్మానించుకున్నారట. కూరగాయలు కడుక్కుని తీసుకుంటారు. నా డిస్క్‌కే కరోనా!

ఇంటర్నెట్ లైను మీద పంపాలి. సరే అన్నాను. ఎందుకన్నానో.

మే 6

క్యాలెండర్ వెనక లెక్క వేశాను. డిస్క్ నిండా తొమ్మిది గిగాబైట్లు. పాత వైరు మీద అది సెకనుకు ఐదు మెగా ఇస్తుందని డబ్బా మీదే రాసుంది. మిల్లులో లైను సెకనుకు నాలుగు పంపుతుంది. ఐదు, నాలుగు... దాదాపు సమానం. నలభై నిమిషాలు. సేఠ్‌కు అదే చెప్పాను. లతకూ అదే.

"నలభై నిమిషాలే గద, జల్ది రా" అంది.

మే 7, గురువారం

మిల్లులోనే రాస్తున్నాను. పదింటికి మొదలుపెట్టాను. పదీ నలభైకి పదమూడు శాతం. లైను పాడైందనుకున్నాను. లైను బాగానే ఉంది. నా బుర్రే పాడైంది.

లైనువాళ్లు చెప్పేది బిట్లు. డిస్క్‌వాళ్లు చెప్పేది బైట్లు. ఒక బైటుకు ఎనిమిది బిట్లు. గ్రాఫు కాగితం ముందు కూర్చోబెట్టి మా బాపు నాకు మొదట నేర్పిందే అది — ఎనిమిది చిన్న గళ్లకు ఒక పెద్ద గడి. పదిహేనేళ్ల వయసు నుంచి ఆ గళ్లే లెక్కపెడుతున్నాను. చిన్న గళ్లనూ పెద్ద గళ్లనూ పక్కపక్కన పెట్టి సమానం అన్నాను. థూ. లైను లెక్కలో చెప్తే డిస్క్ నలభై, లైను నాలుగు. నలభై నిమిషాలు కాదు, ఐదు గంటలు.

పన్నెండున్నర — సేఠ్‌కు చెప్పాను. మిగతాది తర్వాత చూసుకోండి, రెండింటికల్లా మేం గ్రౌండ్‌లో ఉండాలి, రైలెక్కే ముందు అక్కడే జ్వరం చూస్తారు అని బతిమాలాను. ఒకటే మాట, ముందు పని పూర్తి చెయ్యమని. "పహలే కామ్ పూరా కరో."

గేటుకు తాళం. నా పాస్ వాచ్‌మన్ జేబులో. సేఠ్ చెప్పేదాకా ఇవ్వడట. అది లేకుండా రోడ్డెక్కితే పోలీసుల లాఠీ.

2.10 — లత ఫోన్. గ్రౌండ్ దగ్గర క్యూలో నిలబడిందట. నువ్వు పో, నేను వెనకే వస్తా అన్నాను. "నువ్వస్తవా, రావా? గది సెప్పు ముందు." వస్తానన్నాను.

3.40 — పన్నెండు దాటినప్పటి నుంచి లైను నత్తనడక. డెబ్బై ఆరు శాతం. లైను తెగింది. మళ్లీ రాలేదు.

5.45 — ఇప్పుడు తెరిచాడు గేటు. ఇంక చాలు, వెళ్లమన్నాడట సేఠ్. రైలు పోయాక!

స్క్రూలు విప్పి డిస్క్ సంచిలో వేసుకున్నాను. వాచ్‌మన్ చూశాడు. నా పాస్ తీసి చేతిలో పెట్టాడు.

మే 8

లత ఎక్కింది. ఏడో నెల మనిషి, ఒక్కతే, మూటతో. పక్క సీటు ఆవిడెవరో కింది బెర్తు మీద పడుకోనిచ్చిందట. "నాకేం గాదు తియ్" అని ఫోన్ పెట్టేసింది. తిట్టినా బాగుండేది.

గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకున్నాను. డిస్క్ విప్పుకుని వెళ్లి వాళ్ల గేటు ముందు పడేసి రావలసింది.

అన్నం వండలేదు.

మే 9

లత దిగింది. ఊరి బడిలో క్వారంటైన్‌లో పెట్టారట, పద్నాలుగు రోజులు. వాళ్లమ్మ గేటు బయటి నుంచి చూసిపోయింది.

మధ్యాహ్నం సేఠ్ ఫోన్. మిగిలిన డిజైన్లు లేకుండా కుదరదట. డిస్క్ డ్రైవర్‌కు ఇచ్చి పంపాలట, బిల్డింగ్ గేటు దగ్గర దాని మీద క్రిముల మందు కొట్టి తీసుకుంటారట. మందు కొట్టి! మంగళవారం కొట్టలేకపోయారా ఆ మందు? ఇంకో మాట కూడా — డిస్క్ వస్తే తర్వాతి రైలు లిస్టులో నా పేరు చూస్తాడట.

సేఠ్ పంపిన డ్రైవర్ కింద హారన్ కొడుతున్నాడు. డిస్క్ బియ్యం డబ్బాలో ఉంది. కిటికీలోంచి చెప్పాను, నలభై నిమిషాల్లో తెస్తానని.

రెండు గంటలైంది. ఇంకా కొడుతూనే ఉన్నాడు.