పందొమ్మిది అడుగుల తేరు

ఆగస్టు 16, 2000. బుధవారం

బిషప్ హౌస్ నుంచి ఒక చెక్‌లిస్టు వచ్చింది. నలభై ఒక్క ప్రశ్నలు, అన్నీ ఇంగ్లీషులో. బావికి మూత ఉందా. ఇసుక బక్కెట్లు ఎన్ని. కొయిర్ పాడేవాళ్ళు నిలబడే మిద్దెకు పిట్టగోడ ఎంత ఎత్తు. పోయిన ఏడు ఎక్కడో పండగ పందిరి అంటుకుని ఇద్దరు చనిపోయారట. అందుకని. ఫాదర్ ఆ కాగితాలు నా టేబుల్ మీద పెట్టి, నువ్వు కాన్వెంటులో చదివినదానివి, నీకే బాగా అర్థమవుతుంది భువనా, అన్నారు. నెలాఖరుకు పంపాలి.

మత్తిగిరి చర్చి పారిష్ ఆఫీసులో చేరి ఏడు నెలలైంది. టైపింగ్, రిజిస్టర్లు, జ్ఞానస్నానం సర్టిఫికెట్లు. నన్ను ఎవరూ పెద్దగా మాట్లాడించరు. నాకు అదే ఇష్టం. మా ఇంట్లో వెంకటరమణస్వామి పటం, ఇక్కడ మాత. రెండు చోట్లా నేను మూలనే కూర్చుంటాను.

ఆగస్టు 18

టేపు పట్టుకుని అంతా తిరిగాను. బావికి మూత లేదు. ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో ఒక టించరు సీసా, నాలుగు చచ్చిన చీమలు. కొవ్వొత్తుల స్టాండుకు జానెడు దూరంలో కర్టెన్ వేలాడుతోంది. కర్టెన్ నేనే విప్పి మడిచి బీరువాలో పెట్టాను. ఎవరూ గమనించలేదు. సంతోషంగా ఉంది. కొంచెం సిగ్గుగా కూడా.

ఆగస్టు 22

తేరు షెడ్డు తెరిచారు. ఇది జూబిలీ ఏడు, అన్నీ ఘనంగా ఉండాలట. పండగ కమిటీ ప్రెసిడెంటు ఉదయ్ కుమార్ ఫ్యాక్టరీలో వెల్డింగ్ ఫోర్‌మన్. తేరుకు కొత్త గోపురం ఆయనే చేయించాడు. లోపల ఇనప చువ్వలు, పైన జరీ గుడ్డ. కొలిచాను. నేల నుంచి కొస దాకా పందొమ్మిది అడుగులు. పాతది పద్నాలుగే.

గోపురం పక్కన, పద్నాలుగు అడుగుల ఎత్తులో, ఒక చిన్న పలక. పండగ రోజు ఆంజప్ప అక్కడ నిలబడతాడు. కొసన పంగ ఉన్న వెదురు కర్రతో అడ్డం వచ్చిన కరెంటు తీగల్ని పైకెత్తి పట్టుకుంటాడు. తేరు వాటి కింద నుంచి పోతుంది.

ఆంజప్ప ఊళ్ళో ఆవులు మేపుతాడు. మా మాదిరి హిందువే. ఆయన భార్య నంజమ్మ చర్చి ఆవరణ ఊడుస్తుంది. ఆమెకు ఊపిరితిత్తుల జబ్బు చేసి నయమైనప్పుడు మాతకు మొక్కుకున్నాడట, వరసగా ఏడేండ్లు తేరెక్కుతానని. ఎక్కిన తరువాత తేరు మళ్ళీ చర్చి వాకిట్లోకి వచ్చేదాకా నేల మీద కాలు పెట్టకూడదు. ఇది ఏడో ఏడు. ఏడాదంతా అటక మీది కుండ దించమంటే స్టూలెక్కని మనిషి, తేరైతే కోతి మాదిరి ఎక్కుతాడు, అని నంజమ్మ నవ్వింది.

ఆగస్టు 29

చెక్‌లిస్టు పూర్తయింది, ఒక్క ప్రశ్న తప్ప. ఇరవై ఏడు: ఊరేగింపు దారి పొడుగునా కరెంటు తీయించారా? ఊరేగింపు సెప్టెంబరు 8న, మాత పుట్టినరోజు పండగకు. ఇంకా జరగనిదానికి ఏం రాయాలని అడిగాను. ప్రతి ఏడూ తీస్తూనే ఉన్నారు కదా, యెస్ అని పెట్టు, అన్నారు ఫాదర్. పెట్టాను.

కరెంటాఫీసుకు లెటర్ కూడా టైపు చేశాను. పోయిన ఏటి కార్బన్ కాపీ చూసి, తేదీ మార్చాను. రెండూ ఈ రోజే పోయాయి.

ఆగస్టు 30

జెండా ఎక్కింది. నవదినాలు మొదలు, పండగకు ముందు తొమ్మిది రోజుల ప్రార్థనలు.

సెప్టెంబరు 4

ఊరేగింపు నోటీసు టైపుకు వచ్చింది. ఈ ఏడు తేరు పశువుల ఫారం రోడ్డు మీదుగా కొత్త ఇళ్ళ దాకా పోతుందట. ఆ ఇళ్ళవాళ్ళు అడిగారట.

సగం టైపు చేసి ఆపాను. నా లెటర్‌లో ఆ రోడ్డు లేదు. పాత వీధులే ఉన్నాయి.

ఎవరికీ చెప్పలేదు.

సెప్టెంబరు 5, ఉదయం 11

కరెంటాఫీసు. గుమ్మం దగ్గర పావుగంట నిలబడ్డాక లైన్‌మన్ వెంకటేశులు ఏం కావాలమ్మా అని అడిగాడు. చెప్పాను. ఊరి లైను వేరు, ఆ రోడ్డుకు అడ్డంగా పోయేది ఫ్యాక్టరీల పెద్ద లైను, అది ఆపాలంటే పైనుంచి ఆర్డరు రావాలి, పది రోజుల ముందే రాసి ఉండాలి, అన్నాడు. తీగ ఎంత ఎత్తని అడిగాను. రోడ్డు మీద రోడ్డు వేసి ఎత్తు పెంచేశారు, ఇప్పుడు ఇరవై అడుగులు ఉంటే గొప్ప, అన్నాడు. దాన్ని ముట్టుకోనక్కర్లేదట. దగ్గరికి పోతే చాలు, కరెంటు లాగేస్తుందట.

పలక పద్నాలుగు. మనిషి అయిదున్నర. ఆపైన చేతిలో కర్ర.

సాయంత్రం 5

ఫాదర్‌కు చెప్పాను. తప్పు నాదేనని కూడా చెప్పాను. ఆయన తిట్టలేదు. ఉదయ్ కుమార్‌ని పిలిపించారు. ఉదయ్ కుమార్ నా వైపు చూసి, "టైపు కొట్టే పాప తేరుకే బ్రేకు ఏస్తా ఉందే సామీ" అన్నాడు. కమిటీ వాళ్ళు నవ్వారు. నేను స్టేప్లర్ వైపు చూస్తూ ఉన్నాను.

చివరికి ఒప్పుకున్నాడు. స్కూలు మూల దగ్గరే తేరు తిప్పేస్తారు. ఫారం రోడ్డులోకి పోదు.

సెప్టెంబరు 6

ఒప్పుకున్నాడు. అయినా అన్నం సయించడం లేదు.

సెప్టెంబరు 7

ఆంజప్ప పలక చూసుకోవడానికి వచ్చాడు. మాటలు కూడదీసుకుని పెద్ద లైను సంగతి చెప్పాను. బుగ్గన వక్కాకు పెట్టుకుని నములుతూ విన్నాడు. ఏ ఆవు కొమ్ము విసురుతుందో తెలియకుండానే ఇన్నేండ్లు మేపినానా పాపా, అన్నాడు. తేరు ఎటు పోతే తాను అటు పోవాల్సిందే, తాడు తన చేతిలో లేదు కదా, అని కూడా అన్నాడు.

సెప్టెంబరు 8, ఉదయం 6

ఈ రోజు.

సెప్టెంబరు 10. ఆస్పత్రి

ఎడమ చేత్తో రాస్తున్నాను. వంకరగా వస్తోంది.

మొన్న సాయంత్రం అయిదింటికి తేరు కదిలింది. వీధుల్లో కరెంటు తీశారు. ఆంజప్ప కొత్త పంచె కట్టుకుని పైన నిలబడ్డాడు. ఒక్కో తీగా ఎత్తుతుంటే కింద జనం ఈలలు. నేను ఎడమ చక్రం పక్కనే నడిచాను. ఎందుకో నాకే తెలియదు, ఎక్కడైనా చివరన నడిచే మనిషిని.

స్కూలు మూల దగ్గర తేరు ఆగింది. మాట ప్రకారమే. అప్పుడు కొత్త ఇళ్ళవాళ్ళు దండలు, కొవ్వొత్తులు పట్టుకుని ఎదురొచ్చారు. ఒక ముసలామె రోడ్డు మీద మోకరించింది. ఉదయ్ కుమార్ వెనక్కి చూశాడు. ఫాదర్ ఎక్కడో జనం వెనక ఉన్నారు. మొదటి నాలుగిళ్ళ దాకానే, అన్నాడు ఉదయ్ కుమార్. తాడు బిగుసుకుంది. తేరు ఫారం రోడ్డులోకి తిరిగింది.

ఊరి లైను తీసేశారు కాబట్టి పక్క ఇళ్ళన్నీ చీకటిగా ఉన్నాయి. అందరూ కరెంటు లేదనే అనుకున్నారు. ముందర రోడ్డుకు అడ్డంగా ఆ తీగలు మూడు. ఉదయ్ కుమార్ దగ్గరికి పరుగెత్తి చెప్పాను. అంత దూరం పోములే అన్నాడు, కానీ అప్పటికే నాలుగిళ్ళూ దాటిపోయాయి. తాడు లాగేవాళ్ళకు అది తెలియదు. నిలపండి అని అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. అయినా బ్యాండులో కలిసిపోయింది. పైన ఆంజప్ప ఆ తీగల్ని చూశాడు. నేను చెప్పిన లైను ఇదేనని తోచలేదేమో, అన్ని తీగల్లాంటివే అనుకుని కర్ర ఎత్తాడు.

తేరు ఆపడానికి చక్రాల కింద వేసే చెక్క దిమ్మలు ఉంటాయి. ఎడమ చక్రం మనిషి చేతిలోంచి దిమ్మ లాక్కుని ముందు చక్రం కింద తోశాను. చెయ్యి వెనక్కి తీయడం ఆలస్యమైంది.

తేరు ఒక్క కుదుపుతో ఆగింది. గోపురం ముందుకు వంగింది. ఆంజప్ప జారి, చువ్వ కావలించుకుని వేలాడాడు. నేనే ఆయన్ని పడేసి చంపి ఉండేదాన్ని. ఇది కూడా రాయాలి.

తీగకు ఆరడుగుల ఇవతల ఆగింది. నిచ్చెన తెచ్చి ఆంజప్పను దించారు. వెంకటేశులు మోపెడ్ మీద వచ్చాడు. పైకి చూసి, లైనులో కరెంటు ఉందిరా నాయనలారా, అని నెత్తి కొట్టుకున్నాడు. ఉదయ్ కుమార్ రోడ్డు పక్కన కూర్చుండిపోయాడు. తేరును వెనక్కి లాక్కుపోయారట. పైన ఎవరూ లేకుండా.

నాకు రెండు వేళ్ళు విరిగాయి. చూపుడు వేలు, మధ్య వేలు.

సెప్టెంబరు 11

నంజమ్మ రాగి గంజి తెచ్చింది. మంచం పక్కన నేల మీద కూర్చుని, నా కట్టు కేసి చూసి ఏడ్చింది. మగడు మూడు రోజులుగా తిండి ముట్టలేదట.

ఆమె వెళ్ళిన కాసేపటికి ఆయనే వచ్చాడు. లోపలికి రాలేదు. కిటికీ అవతల నిలబడ్డాడు.

"ఏడో ఏడు పాపా ఇది. నేల మీద కాలు పెట్టిస్తిరి."

నిలపకపోతే చచ్చిపోయేవాడివి కదా అన్నాను.

"సచ్చింటే మొక్కు తీరిండేది."

మళ్ళీ మొదటి నుంచి ఏడేండ్లు ఎక్కాలి, తనకిప్పుడు అరవై మూడు, అన్నాడు. వెళ్ళిపోయాడు.

సెప్టెంబరు 14

ఫాదర్ వచ్చారు. ఇరవై ఏడో ప్రశ్నకు జవాబు నో అని బిషప్ హౌస్‌కు తన చేత్తోనే రాసి పంపారట. గోపురం కోసేస్తున్నారట. నన్ను అందరూ మెచ్చుకుంటున్నారని చెప్పారు. ఆంజప్ప ఎలా ఉన్నాడని అడిగాను. ఫాదర్ కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

సెప్టెంబరు 21

ఆఫీసుకు వచ్చాను. ఆంజప్ప కిటికీ ముందు నుంచే పోయాడు. ఇటు చూడలేదు. ఇరవై రెండు ఆవులు. వాటి వెనక ఆయన.