పంతొమ్మిది మందికి రెండేసి పేర్లు

నిడదవోలులో కాపురముంటున్న అడ్వకేటు కొండేటి ఐజాక్ అను నేను, వయసు డెబ్బై ఒకటి, పూర్తి తెలివిలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా స్వయంగా రాసుకున్న వీలునామా. గురువారం నాకు గుండె ఆపరేషన్. ఏం ఫరవాలేదంటున్నారు డాక్టరుగారు. నాకు ధైర్యం చాలడం లేదు.

1. నేనుంటున్న రెండు గదుల డాబా నా భార్య మెర్సీకి, ఆమె తదనంతరం నా కుమార్తె ఆశాజ్యోతికి చెందవలెను. మెర్సీ, నలభై ఏళ్లు మన వరండా నిండా క్లయింట్లే. నీ కుర్చీలో కూడా వాళ్లనే కూర్చోబెట్టాను. క్షమించు.

2. నా నల్లకోటు తమ్ముడు అబ్రహాముకు. "ఫీజు లేకుండా ఊరికే వాదించే ప్లీడరుకి విలువేముంటదన్నయ్యా" అని పెళ్లిళ్లలో కూడా నలుగురి ముందూ అన్నాడు. ఆ కోటు వాడికి పట్టదని తెలుసు. అయినా ఒక్కసారి తొడుక్కోవలెను.

3. లా పుస్తకాలు, బీరువా, ఫైళ్లన్నీ ఆశాజ్యోతికి. అమ్మా, రాజమండ్రిలో బ్యాంకుల కేసులు చూస్తున్నావని నిన్ను ఎగతాళి చేశాను. నువ్వు కాగితం మొత్తం చదివిగాని సంతకం పెట్టవు. నాకు ఆ ఓపిక లేకపోయింది.

4. పట్టిసీమ దిగువ గోదావరి లంకలో పంతొమ్మిది కూలి కుటుంబాలకు ప్రభుత్వం పట్టాలిచ్చిన భూమిని పక్క ఆసామి కలిపేసుకున్నాడు. ఆరేళ్ల కిందట ఫీజు లేకుండా వాళ్ల తరఫున దావా వేశాను. అందులో అందరికీ బాప్తిస్మపు పేర్లే రాశాను. ప్రతి ఆదివారం చర్చిలో పక్కన కూర్చునేవాళ్లు, నాకు ఆ పేర్లే నోటికొచ్చాయి. పట్టాల్లో ఉన్నవి పుట్టినప్పటి పేర్లు. సరిచూడలేదు. పట్టాలో రత్తమ్మ, దావాలో ఏసమ్మ. "ఈ ఏసమ్మ ఎవరండీ, ఈ భూమితో ఆవిడకేం పని?" అని ఎదుటి లాయరు పట్టుకున్నాడు.

తప్పు పూర్తిగా నాది. వాళ్లకు మాత్రం కోర్టు జాప్యం అని చెప్పుకొచ్చాను. నమ్మి, లంకలో కాసిన దోసకాయలు తెచ్చిచ్చారు. సిగ్గు లేకుండా తిన్నాను.

ఈ నెల ఇరవై నాలుగున విచారణ. రెండు పేర్లూ ఒకరివేనని చూపే చర్చి రిజిస్టరు వరదలో తడిసి ముద్దయింది, పాస్టరుగారు పోయారు. అందుకే ఏ పేరు ఎవరిదో నేనే రాసి, ప్రమాణపత్రం చేసి, సవరణ పిటిషనుతో బీరువా పై అరలో పెట్టాను. వీలునామా నేను పోయాకే చెల్లుతుంది, ఆ పిటిషను అంతదాకా ఆగదు. ఆశా, నేను బతికినా చచ్చినా వచ్చే సోమవారం దాన్ని కోర్టులో వెయ్యి తల్లీ.

5. పై నాలుగో క్లాజు నా సమాధి కార్యక్రమంలో చదవాలని మొదట రాసి, కొట్టేశాను. శవాన్ని ఎవరూ నిలదీయరు కదా, ఆ ధీమాతో రాశాను. అందుకే ఈ ఉదయం ఏసమ్మను పిలిపించి నేనే చదివి వినిపించాను. "ఒక్క మాట చెప్తే పోయేది కదండీ లాయరుగారూ! మా పేర్లు మాకు తెలీవాండీ?" అని ఏడ్చింది. క్షమించానని అనలేదు. అడగడానికి నాకు నోరు రాలేదు. సాక్షిగా వేలిముద్ర వేయమని మాత్రం అడిగాను. ఇంకా ఎదురుగానే కూర్చుని ఉంది. వేస్తుందో, లేచి వెళ్లిపోతుందో, ప్రభువా, నాకు తెలియదు.

నిడదవోలు, 10 నవంబరు 2025
(సంతకం) కొండేటి ఐజాక్

సాక్షులు:
1. జయపాల్, గుమాస్తా (సంతకం)
2. ఏసమ్మ, పట్టాలో రత్తమ్మ, ఇద్దరూ ఒకరే (వేలిముద్ర)