ఏటివైపు వరస

లంక,
సెప్టెంబరు 20

నా మెర్సీకి,

నీ జీవన్ వందనాలు. ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. మన వీధి ప్రసన్న చెల్లెలి పెళ్ళికి వచ్చి మళ్ళీ కువైట్ వెళ్తోంది కదా, ఆవిడ చేతికిచ్చి పంపుతున్నాను. ఫోనులో నీ మొహం కనబడితే నాకు నోరు పెగలదు. ఆదివారం ఆదివారం "తోట చూపించండి" అంటావు. నేను గట్టువైపు తిప్పి జామచెట్లూ అరటిగెలలూ చూపిస్తాను. ఏటివైపు తిప్పి రెండు నెలలైంది. అటు తిప్పడానికి ఇప్పుడేమీ లేదు మెర్సీ. మన పంపరపనసలు పద్నాలుగూ ఏట్లో కలిసిపోయాయి.

ఎలా పోయాయో చెబుతాను. జూలైలో గోదారికి వరద వచ్చి, మూడో రోజు నుంచి నీరు తీయడం మొదలెట్టింది. వరద వచ్చేటప్పటికన్నా తీసేటప్పుడే కోత ఎక్కువ, నీకు తెలిసిందే. కొబ్బరి ముందు వరసకీ ఏటికీ మధ్య నాలుగు బారల నేల మిగిలింది. ఆ వరసలో పదకొండు చెట్లూ కొట్టించి, మొద్దులు ఒడ్డుకి అడ్డం పేర్చి, వెదురుగెడలు దిగ్గొడితే వెనకనున్న పంపరపనసలు దక్కుతాయని నాకు తోచింది. కొబ్బరి దింపు తీసే రాజేంద్ర కత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"వద్దండి జీవన్ గారూ. ఒడ్డుని పట్టుకున్నది ఆ వేర్లేనండి."

"నువ్వు కొట్టెయ్యి, నాకు తెలుసు."

"ఆయ్, మీ ఇష్టమండి," అని కొట్టేశాడు.

ఏం తెలుసు నాకు, నా తలకాయ! మొద్దులు రెండు రోజులు ఆగాయి. మూడో రోజు మధ్యాహ్నం అన్నం తింటుంటే దబ్బున చప్పుడైంది. చేయి కడుక్కోకుండానే పరిగెత్తాను. మొద్దులూ లేవు, గెడలూ లేవు. ఆ తర్వాత పది రోజుల్లో పంపరపనసలు ఒక్కొక్కటే ఒరిగాయి. చివరి చెట్టుకి మోకు కట్టి లాగాను. నవ్వకు, నిజంగానే లాగాను. మన పింకీ వచ్చి నా నడుం పట్టుకుని, "వదిలెయ్ నాన్నా, నువ్వూ పోతావు" అని ఏడ్చింది. వదిలేశాను.

నాయనమ్మ సూరమ్మ పరుల తోటల్లో కూలి చేసి చేసి, ఈ లంకలో పట్టా వచ్చాక మొట్టమొదట నాటింది ఆ చెట్లనే. గట్టు మీద తాటాకుల పాక వేసి తనే కూర్చుని అమ్మింది. మన దొడ్లో పండని కాయని ఆ పాకలోకి రానిచ్చేది కాదు. మా నాన్న కృపారావు కాలానికి కొనేవాళ్ళు తోటలోకే దిగి, చెట్టు చూపించి కోయించుకోవడం మొదలెట్టారు. ఎవరి చెట్టు వాళ్ళదే, ఏటా అదే. మాస్టారి చెట్టు, డాక్టరమ్మ గారి చెట్టు, మురమళ్ళ వాళ్ళ చెట్టు. నువ్వు కాపురానికి వచ్చిన ఏడాదే అవన్నీ నేర్చేసుకుని, నేను తప్పు చెబితే వెక్కిరించేదానివి.

మొన్న చవితికి ముందు రోజు కొత్తపేట నుంచి నాగదుర్గాప్రసాద్ మాస్టారు పాలవెల్లికి కాయల కోసం వచ్చారు. నలభై ఏళ్ళుగా వస్తున్న మనిషి. ఆయన వస్తారని నేను ముందే అమలాపురంలో కాయలు కొనితెచ్చి పాకలో పెట్టాను. నాయనమ్మ ఉంటే చీపురు తిరగేసేది.

"తోటంతా బురదండి మాస్టారూ, నేనే కోసి ఉంచేనండి," అన్నాను.

ఆయన కాయని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇది నా చెట్టు కాయ కాదు కదయ్యా?"

"చెట్టు లేదండి."

ఆయన ఆ కాయలే సంచీలో వేసుకుని వెళ్ళిపోయారు. నాలుగు చీవాట్లు పెట్టినా బాగుండును.

ఈ తోట చేజారకూడదనే కదా నువ్వు ఆరేళ్ళుగా పరాయివాళ్ళ వంటింట్లో నిలబడి ఉన్నావు. మిగిలిన గట్టువైపు ముక్క కూడా ఇంకెన్నాళ్ళో తెలియదు. పాక తీసేసి రొయ్యల చెరువుల దగ్గర పనికి కుదరనా? లేక ఊళ్ళో కాయలన్నీ తెచ్చి మనవేనని చెబుతూ కూర్చోనా? నాకేమీ పాలుపోవడం లేదు. తప్పంతా నాదే. నువ్వు ఒక మాట చెప్పు మెర్సీ, అలాగే చేస్తాను.

నీ
జీవన్


కువైట్,
అక్టోబరు 4

ఏవండీ,

ఉత్తరం అందింది. ప్రసన్న ఎదురుగా కూర్చుని, నేను చదివేదాకా కదల్లేదు. ఇంటికొచ్చి పద్నాలుగు చెట్లనీ వరసగా పేరు పేరునా తలుచుకుని ఏడ్చాను. ఉల్లిపాయలు తరుగుతున్నాను కాబట్టి మా మేడమ్ ఏమీ అడగలేదు.

ఉత్తరంలో అన్నీ రాశారు, ఒక్క ముక్క తప్ప. కొబ్బరి వరస కొట్టించాలని "నాకు తోచింది" అని రాశారు. మీకెక్కడ తోచిందండీ? "వరద తీస్తోంది మెర్సీ, ఏం చెయ్యను" అని మీరు ఫోను చేస్తే, "ముందు వరస కొట్టించి అడ్డం వెయ్యండి, మా నాన్న వేయలేదా" అన్నది ఎవరు? మీరు వద్దన్నారు. రాజేంద్ర అన్న మాటే మీరూ అన్నారు, వేర్లు పోతే ఒడ్డు నిలవదని. "మీ లంకోళ్ళకి అన్నిటికీ భయమే" అని నేను ఎగతాళి చేసి ఫోను పెట్టేశాను. సాయంత్రం దాకా ఎత్తలేదు కూడా. "సరేలే, కొట్టిస్తాను" అని మీరు మెసేజ్ పెట్టాకే మాట్లాడాను. తర్వాత అడిగితే "ఆగిందిలే" అన్నారు. నేను మురిసిపోయి, ఇక్కడ మనవాళ్ళందరికీ గొప్పగా చెప్పుకున్నాను.

మా నాన్న వేసింది ఐనవిల్లిలో కాలవగట్టుకండి. లాకు మూస్తే ఆగే నీళ్ళవి. మనది గోదారి. ఇన్నేళ్ళు ఆ ఒడ్డున కాపురం చేసి కూడా నా బుర్రకి ఆ తేడా ఎక్కలేదు. మీరేమో ఆ తప్పు కూడా మీ నెత్తినే వేసుకుని, నాకేమీ తెలియని కథలాగా రాసి పంపారు. వద్దండీ, నేను తట్టుకోలేను. ఒక్కసారి నన్ను తిట్టండి. "నీవల్లే" అని ఒక్కసారి అనండి. పెళ్ళయిన దగ్గర్నుంచి మీ నోటంట ఆ మాట వినలేదు, ఇప్పుడైనా అనండి.

పాక ఉంచనా తీసెయ్యనా అని మళ్ళీ నన్నే అడుగుతున్నారు. ఉంచండి అని రాసి కొట్టేశాను. తీసెయ్యండి అని రాసి, అదీ కొట్టేశాను. పైన ఆ గీతలన్నీ అవే. వచ్చి చూద్దామంటే ఫిబ్రవరి దాకా పాస్‌పోర్టు మేడమ్ బీరువాలో ఉంది. ఇక్కడ కూర్చుని నేను ఒక మాటంటే అక్కడ పదకొండు చెట్లు పడ్డాయి, వాటి వెనక పద్నాలుగు పడ్డాయి. ఆ నేల మీద నిలబడి ఉన్నది మీరు. మీకేది తోస్తే అదే చెయ్యండి. పాక ఉంచినా సరే, పీకేసినా సరే, నేను ఒక్క మాట అనను.

నన్ను మాత్రం అడక్కండి. నాకు భయమేస్తోంది.

మీ
మెర్సీ